జీతం అడగని ఫారం

మా పెద్దవాడు పుట్టాక ఆసుపత్రి నుంచి ఇంటికి పంపించే రోజున నర్సు ఒక లావుపాటి ఫోల్డరు నా ఒళ్ళో పెట్టింది. టీకాల పట్టిక, బర్త్ సర్టిఫికెట్‌కి కావలసిన వివరాల కాగితం, కారు సీటు జాగ్రత్తలు, బిడ్డ పుట్టిన సంగతి ఇన్సూరెన్సు వాళ్ళకి ఎన్నాళ్ళలోపు చెప్పాలో ఆ సూచనలు. వాటి మధ్యలో చిన్న కార్డు ఒకటి. మీ బిడ్డకి అయిదేళ్ళు నిండేదాకా నెలకో కొత్త పుస్తకం పోస్టులో పంపుతాం, డబ్బేమీ కట్టక్కర్లేదు అని దాని సారాంశం. డాలీ పార్టన్ ఇమాజినేషన్ లైబ్రరీ అని పేరు.

డాలీ పార్టన్ అంటే పెద్ద విగ్గు పెట్టుకుని, తళతళలాడే బట్టలు వేసుకుని కంట్రీ పాటలు, అంటే అమెరికా పల్లెల బాణీ పాటలు, పాడే ఆవిడ అని మాత్రమే అప్పటికి నాకు తెలుసు. ఆవిడకీ నా బిడ్డ పుస్తకాలకీ ఏమిటి సంబంధం అని ఆలోచించే ఓపిక కూడా ఆ రోజు లేదు.

మేముండేది టెన్నెసీ రాష్ట్రంలో, మెంఫిస్ పక్కనే ఉన్న కాలియర్‌విల్‌లో. మా ఆయనది ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను అప్పటికి డిపెండెంట్ వీసా మీద ఉన్నాను. ఈ దేశానికి వచ్చిన దగ్గర్నుంచి ఫారాలు నింపడం మాకు రెండో ఉద్యోగం అయిపోయింది. ఏ ఫారమైనా తీరు ఒకటే. ముందు నువ్వెవరో చెప్పు, తర్వాత ఋజువు చూపించు. మూడు నెలల పే స్టబ్బులు, అంటే జీతం చీటీలు, పన్ను కాగితాలు, ఇంటి లీజు, పాస్‌పోర్టు, అందులో అంటించిన వీసా చీటీ. అందుకే ఈ కార్డు తిప్పి చూసి నేను వెతికింది జీతం ఎంత అని అడిగే గడి కోసం. లేదు. ఇక్కడి ప్రభుత్వం ఇచ్చే సోషల్ సెక్యూరిటీ నంబరు గడి లేదు. ఏ దేశం వాళ్ళు అన్న ప్రశ్న లేదు. బిడ్డ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఇంటి చిరునామా, ఫోను, ఈమెయిలు, సంతకం. అంతే.

ఇది పేదవాళ్ళ కోసం పెట్టిన పథకం కదా, మనం తీసుకోవచ్చా అని నర్సునే అడిగాను. ఈ కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఉండే అయిదేళ్ళలోపు పిల్లలు ఎవరైనా సరే అంది. డాక్టరు గారి పిల్లలైనా, ఆసుపత్రి నేల తుడిచే ఆవిడ పిల్లలైనా ఒకటే కార్డు అని కూడా అంది. అక్కడే మంచం మీద నింపి ఇచ్చేశాను. ఆన్‌లైన్‌లో కూడా నమోదు చేసుకోవచ్చు, అయిదు నిమిషాల పని.

రెండు నెలలు గడిచేసరికి ఆ సంగతే మర్చిపోయాం. మొదటి పుస్తకం రావడానికి ఎనిమిది నుంచి పది వారాలు పడుతుందని ముందే చెప్తారు. ఒక మధ్యాహ్నం మెయిల్‌బాక్సులో కరెంటు బిల్లు, ఫర్నిచర్ దుకాణం వాళ్ళ ప్రకటనలతో పాటు ఒక పుస్తకం ఉంది. చీటీ మీద మా వాడి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, ఒక్క అక్షరం పొల్లుపోకుండా. మా పేర్లు ఇక్కడ ఎవరు రాసినా ఎక్కడో ఒకచోట విరిచేస్తారు కాబట్టి నేను ముందు చూసుకున్నది అదే. వాడి పేరు మీద ఇంటికి వచ్చిన మొదటి ఉత్తరం అది. కొండెక్కలేక ఆగిపోయిన బండిని ఒక చిన్న రైలింజను లాక్కుపోయే కథ, 'ది లిటిల్ ఇంజిన్ దట్ కుడ్'. ఈ పథకంలో చేరిన పిల్లలకి మొట్టమొదట వచ్చేది ఆ పుస్తకమేనట.

తర్వాత నెల నెలా వస్తూనే ఉన్నాయి. ఎవరికి ఏ పుస్తకం అన్నది పుట్టిన సంవత్సరాన్ని బట్టి ఉంటుంది. పసివాళ్ళకి పెద్ద పెద్ద బొమ్మలు, నాలుగు మాటలు, చప్పట్లు కొట్టి చదవదగ్గ లయ. రెండేళ్ళు దాటాక రంగులు, అంకెలు, జంతువులు. నాలుగు దాటాక కాస్త కథ, స్నేహితులతో తగువులు, బడికి వెళ్ళాలంటే ఉండే భయాలు. చిన్నపిల్లల చదువు గురించి తెలిసిన వాళ్ళ కమిటీ ఒకటి ఏటా కూర్చుని జాబితా తయారు చేస్తుంది. అట్ట లోపలి మడతలో పెద్దవాళ్ళకి సూచనలుంటాయి: ఈ పేజీ దగ్గర ఆగి ఇది అడగండి, ఈ బొమ్మలో అది వెతికించండి అని. నాకు అవి చాలా పనికొచ్చాయి. పసివాడికి పుస్తకం ఎలా చదివి వినిపించాలో నాకెవరూ నేర్పలేదు. మా ఇంట్లో పుస్తకమంటే క్లాసు పుస్తకమే.

కోవిడ్ వచ్చి ఊళ్ళో లైబ్రరీ తలుపులు మూసేసినప్పుడు కూడా పోస్టులో పుస్తకాలు ఆగలేదు. 2020 ఏప్రిల్ నుంచి డాలీ పార్టన్ వారానికోసారి రాత్రిపూట మంచం మీద కూర్చుని పిల్లలకి కథల పుస్తకం చదివి వినిపించే వీడియోలు కూడా పెట్టారు. పది వారాలు సాగింది. అవి చూస్తూనే నేను ఆవిడ ఎవరో తెలుసుకోవడం మొదలుపెట్టాను. అదే ఏప్రిల్‌లో వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వైద్య కేంద్రానికి కోవిడ్ పరిశోధన కోసం పది లక్షల డాలర్లు ఇచ్చారావిడ. ఆ డబ్బులో కొంత మొడెర్నా టీకా తొలి పరిశోధనలకి వెళ్ళింది. ఆ టీకా ఫలితాలు అచ్చయిన వైద్య పత్రికలో ఆవిడ పేరు మీదున్న నిధికి కృతజ్ఞతలు కనిపిస్తాయి.

ప్రయాణాలు తెరుచుకున్నాక మా అత్తయ్యగారు వచ్చారు. ఆవిడ అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి. తెలుగు కూడబలుక్కుని చదువుతారు, ఇంగ్లీషు రాదు. మనవడు పుస్తకం తెచ్చి ఒళ్ళో పడేసి "నానమ్మా, చదువు" అంటే ఆవిడ ఏం చేస్తారా అని వంటింట్లోంచి చూస్తున్నాను. ఏమాత్రం తడబడలేదు. బొమ్మ మీద వేలు పెట్టి, "అనగనగా ఒక ఎలుగుబంటి. దానికి నిద్ర పట్టట్లేదు. ఎందుకు పట్టట్లేదంటావ్?" అని మొదలుపెట్టారు. ఎలుగుబంటికి ఒక మేనత్త వచ్చింది, చెరువు వచ్చింది, చివరికి గుంటూరు బస్సు కూడా వచ్చింది. పుస్తకంలో అవేవీ లేవు. వాడికి ఇప్పటికీ ఆ కథే అసలు కథ.

"ఇవన్నీ ఎవరు పంపిస్తున్నారమ్మాయ్? ప్రభుత్వమా?" అని ఒకరోజు అడిగారు.

"పాటలు రాసి పాడే ఆవిడండీ. వాళ్ళ నాన్నగారికి చదువు రాదట. అందుకని మొదలుపెట్టారు."

అత్తయ్యగారు చేస్తున్న పని ఆపేశారు. "చెప్పు, చెప్పు" అన్నారు.

నాకు తెలిసినంత చెప్పాను. డాలీ పార్టన్ 1946 జనవరి 19న మా రాష్ట్రానికే తూర్పు చివర, స్మోకీ పర్వతాల దగ్గర సెవీర్ కౌంటీలో, ఒంటిగది ఇంట్లో పుట్టారు. పన్నెండు మంది సంతానంలో నాలుగోది. తండ్రి రాబర్ట్ లీ పార్టన్ పొగాకు పండించే రైతు. పురుడు పోసిన డాక్టరుకి ఇవ్వడానికి డబ్బుల్లేక బస్తాడు మొక్కజొన్న పిండి ఇచ్చారు. ఇది వినగానే అత్తయ్యగారు, "మా అమ్మ కూడా మంత్రసానికి వడ్లే కొలిచేది" అన్నారు. ఆ తండ్రికి చదవడం, రాయడం రెండూ రావు. చాలా తెలివైనవాడు, లెక్కలో ఎవరికీ దొరకడు, కానీ చదువు రాదన్న సిగ్గు ఆయన్ని జీవితమంతా వదల్లేదని కూతురే చాలాసార్లు చెప్పింది. 1995లో ఆవిడ ఈ పుస్తకాల పని మొదలుపెట్టినప్పుడు తండ్రినీ అందులో కలుపుకుంది. అది ఒక్క సెవీర్ కౌంటీ పిల్లల కోసమే. మొదటి విడతలో వెళ్ళిన పుస్తకాలు రెండు వేలలోపే. ఆ పిల్లలు ఆవిడని 'బుక్ లేడీ' అని పిలవడం మొదలుపెట్టారు. తండ్రి 2000లో పోయారు. కూతురు పెద్ద గాయని అన్నదానికంటే పిల్లలు ఆ పేరుతో పిలుస్తున్నారన్నదే ఆయనకి గొప్పగా ఉండేదట.

అత్తయ్యగారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఎముక లేని చెయ్యమ్మా ఆవిడది" అన్నారు. ఆ రోజు నుంచి పుస్తకం వచ్చిన ప్రతిసారీ ముందు ఆవిడకే చూపించాలి.

చుట్టాలొస్తే మెంఫిస్‌లో ఉన్న మనవాళ్ళందరం పేరుమోసిన గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ ఇల్లు గ్రేస్‌లాండ్ చూపిస్తాం. అత్తయ్యగార్నీ తీసుకెళ్ళాం. అక్కడ తిరుగుతూ డాలీ కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క చెప్పాను.

ఆవిడ పదేళ్ళకే నాక్స్‌విల్‌లో రేడియో, టీవీ కార్యక్రమాల్లో పాడింది. పదమూడేళ్ళకి నాష్‌విల్‌లో కంట్రీ పాటలకి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఆప్రీ వేదిక ఎక్కింది. 1964లో హైస్కూలు చదువు పూర్తయిన మర్నాడే బస్సెక్కి నాష్‌విల్ వెళ్ళిపోయింది. 1967 నుంచి పోర్టర్ వాగనర్ అనే పెద్ద గాయకుడి టీవీ కార్యక్రమంలో చేరి పేరు తెచ్చుకుంది. ఏడేళ్ళకి, ఇక సొంత దారి చూసుకోవాలనుకున్నప్పుడు ఆయన వదల్లేదు. నోటితో చెప్తే వినడని పాట రాసి, ఆయన ముందు కూర్చుని పాడి వినిపించింది. అదే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని వెళ్ళమన్నాడు. 1974లో ఆ పాట కంట్రీ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళింది. ఎల్విస్ ఆ పాట పాడతానన్నాడు. అంతకంటే అదృష్టం ఏముంటుంది ఆ రోజుల్లో? కానీ రికార్డింగు ముందు ఎల్విస్ మేనేజరు ఒక షరతు పెట్టాడు, పాట హక్కుల్లో సగం మాకు రాసివ్వాలని. ఆవిడ ఇవ్వనంది. రాత్రంతా ఏడ్చాను కానీ ఇవ్వలేదు అని తర్వాత చెప్పుకుంది.

"ఇంత పెద్దాయన అడిగినా ఇవ్వలేదా!" అన్నారు అత్తయ్యగారు, ఆ ఇంటి తళుకులన్నీ చూస్తూ.

ఇవ్వలేదు. 1992లో విట్నీ హ్యూస్టన్ అనే గాయని అదే పాటని సినిమా కోసం పాడితే అమెరికా పాటల జాబితాలో వరసగా 14 వారాలు మొదటి స్థానంలో ఉండిపోయింది. హక్కు మొత్తం డాలీదే కాబట్టి రాబడీ ఆవిడకే వచ్చింది. ఆవిడ దానం గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతి వదిలేస్తుంటారు, నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది. ఇరవై ఎనిమిదేళ్ళ అమ్మాయి, చుట్టూ అందరూ సంతకం పెట్టమంటున్నప్పుడు, నా పాట నాది అని నిలబడింది. ఇవ్వడానికి చేతిలో ఏదైనా ఉండాలంటే ముందు మనది మనం నిలుపుకోవాలి కదా.

రెండోది పుట్టాక, పిల్లలు నిద్రపోయే వేళల్లో ఏదైనా చేద్దామని ఈ పుస్తకాల నమోదుకి సాయంగా వెళ్ళడం మొదలుపెట్టాను. లైబ్రరీ గుమ్మం దగ్గర ఒక బల్ల, రెండు కుర్చీలు, కార్డుల కట్ట. మమ్మల్ని కూర్చోబెట్టే ఆవిడ రిటైరయిన టీచరు. డబ్బు లెక్క ఆవిడే అర్థమయ్యేలా చెప్పింది. పుస్తకాలు ఎంపిక చేయించడం, ప్రచురణకర్తలతో ధర మాట్లాడడం, పిల్లల వివరాల కంప్యూటరు వ్యవస్థ, ఇవన్నీ డాలీ ఫౌండేషన్ చూసుకుంటుంది. పుస్తకానికీ పోస్టుకీ అయ్యే ఖర్చు మాత్రం స్థానికంగా ఉండే సంస్థ పెట్టుకోవాలి. ఒక్కో బిడ్డకి నెలకి రెండు డాలర్ల పైచిలుకు. మా రాష్ట్రంలో 2004లో గవర్నరుగా ఉన్న ఫిల్ బ్రెడెసన్ ఒక ఏర్పాటు చేశారు, సగం రాష్ట్రం ఇస్తుంది, సగం కౌంటీలో వాళ్ళు కూడబెట్టుకోవాలి. అందుకే టెన్నెసీలో ఉన్న 95 కౌంటీల్లోనూ ఏ మూల పుట్టిన బిడ్డకైనా పుస్తకం వస్తుంది. కౌంటీ వాటా కోసం కేకులు అమ్మేవాళ్ళూ, దుకాణాల్లో డబ్బాలు పెట్టేవాళ్ళూ ఇప్పటికీ ఉన్నారు. ఇది ఒక్క మనిషి జేబులోంచి వచ్చే దానం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆవిడ చేసింది అంతకంటే కష్టమైన పని, ఊరూరా మనుషుల్ని ఇందులోకి దింపింది.

ఆ టీచరు నాకు మొదటి రోజే ఒక నియమం చెప్పింది. "పెన్ను నీ చేతిలోనే ఉంచుకో. నువ్వే అడుగుతూ నువ్వే రాయి. ఫారం వాళ్ళ ముందు తోసి నింపమని చెప్పకు." ఎందుకో అప్పుడు చెప్పలేదు. కొన్నాళ్ళకి ఒక పెద్దావిడ ఇద్దరు మనవల్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్లల్ని ఆవిడే పెంచుతోంది. కార్డు చేతిలోకి తీసుకుని, కళ్ళకి దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయానంది. కళ్ళజోడు మెళ్ళో గొలుసుకి వేలాడుతూనే ఉంది. నేను పేరడిగి రాశాను, తేదీలు అడిగి రాశాను. చివర్న, "ఒకసారి చదివి వినిపిస్తావా, తల్లీ" అంది. వినిపించాను. మనవడి పేరు వచ్చినప్పుడు తల ఊపింది. పుస్తకాలు వస్తే పిల్లలకి ఎవరు చదివిపెడతారు అన్న ప్రశ్న నా నోటి దాకా వచ్చింది. అడగలేదు. మా అత్తయ్యగారు గుర్తొచ్చి, "చదవకపోయినా ఫర్వాలేదండీ, బొమ్మలు చూపించి మీకు తోచిన కథ చెప్పండి, మా ఇంట్లో అదే చేస్తాం" అన్నాను. ఆవిడ మొహం విప్పారింది. "కథలా? కథలు నా దగ్గర బోలెడున్నాయి" అంది.

ఇంటికొచ్చాక డాలీ రాసిన 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్' అనే పాట గురించి మళ్ళీ చదివాను. చిన్నప్పుడు వాళ్ళమ్మ రంగురంగుల గుడ్డపీలికలు కలిపి ఆవిడకి ఒక కోటు కుట్టింది. కుడుతూ బైబిల్లో యోసేపు రంగుల అంగీ కథ చెప్పింది. ఆ పిల్ల మురిసిపోయి బడికి వేసుకెళితే తోటిపిల్లలు నవ్వారు, ఏడిపించారు. 1969లో టూరు బస్సులో వెళుతూ ఆ పాట కట్టింది. రాసుకోవడానికి కాగితం దొరక్క, పోర్టర్ వాగనర్ సూట్లు ఉతికించిన డ్రైక్లీనింగ్ రసీదు వెనకాల రాసింది. ఆ రసీదుని తర్వాత ఫ్రేము కట్టించారు. పాట 1971లో వచ్చింది. బడిలో పదిమంది ముందు పేదరికం బయటపడితే ఎలా ఉంటుందో ఒళ్ళంతా తెలిసిన మనిషి పెట్టిన పథకంలో ఆ జీతం గడి ఎందుకు లేదో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ ఎక్కడా ఇలా చెప్పినట్టు నేను చదవలేదు, ఇది నా ఊహే. కానీ ఆ బల్ల దగ్గర కూర్చున్నాక నాకు వేరే కారణం తోచడం లేదు.

ఆవిడ చేసిన మరో పనిలోనూ ఇదే కనిపిస్తుంది. 2016 నవంబరులో గాట్లిన్‌బర్గ్ చుట్టుపక్కల అడవులు తగలబడి 14 మంది చనిపోయారు, ఇళ్ళు బూడిదయ్యాయి. అది ఆవిడ సొంత కౌంటీ. ఇల్లు పోయిన ప్రతి కుటుంబానికి ఆరు నెలలపాటు నెలకి వెయ్యి డాలర్లు ఇస్తామని ఆవిడ ఫౌండేషన్ ప్రకటించింది. విరాళాలు అనుకున్నదానికంటే ఎక్కువ రావడంతో ఆఖరి నెలలో 5000 ఇచ్చారు. మొత్తం కుటుంబానికి 10,000 డాలర్లు. సొంతిల్లు పోయినవాళ్ళకీ, అద్దెకుండేవాళ్ళకీ సమానంగా. నిప్పులో పోయిన ఇంట్లో తాము ఉన్నట్టు చూపిస్తే చాలు, ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టారో రసీదులు చూపించమని ఎవర్నీ అడగలేదు.

పోయినేడాది సెలవుల్లో రాష్ట్రం ఈ చివర నుంచి ఆ చివరికి కారేసుకుని పిజన్ ఫోర్జ్ వెళ్ళాం. 1986 నుంచి ఆవిడ పేరుతో నడుస్తున్న డాలీవుడ్ పార్కు అక్కడే ఉంది. పిల్లలు రైలు కోసం పరిగెత్తారు. నేను వాళ్ళ పాత ఇంటి నమూనా చూడ్డానికి లైనులో నిలబడ్డాను. ఆవిడ తమ్ముడు కట్టాడట, లోపల సామాన్లన్నీ వాళ్ళమ్మే సర్దిందట. ఇరుకు గది, గోడలకి అంటించిన పాత పత్రికల కాగితాలు, ఒక మంచం మీద ఇంకో మంచమా అన్నట్టు పరుపులు. పార్కులో ఉన్న చిన్న చర్చికి రాబర్ట్ ఎఫ్. థామస్ పేరు పెట్టారు. మొక్కజొన్న పిండి తీసుకుని పురుడు పోసిన ఆ డాక్టరు పేరే. సెవీర్‌విల్ కోర్టు ముందు ఆవిడ విగ్రహం ఉంది, చేతిలో గిటారు, కాళ్ళకి చెప్పుల్లేవు. 2021లో నాష్‌విల్‌లో శాసనసభ భవనం దగ్గర విగ్రహం పెడతామంటే మాత్రం ఇప్పుడు వద్దని చెప్పేశారు.

ఉగాది రోజున మా తెలుగు సంఘం వాళ్ళ కార్యక్రమంలోనూ ఈ బల్ల పెట్టాం. మనవాళ్ళకి ఉచితం అనగానే ముందు అనుమానం. తర్వాత క్రెడిట్ కార్డు అడుగుతారా అని ఒకరు. మా వివరాలు ఎవరికైనా అమ్ముతారా అని ఒకరు. ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగింది, ఇది తీసుకుంటే గ్రీన్‌కార్డుకి అడ్డొస్తుందా అని. ఆ భయం నాకు తెలుసు, హాస్యం చేయదగ్గది కాదు. ఫారంలో ఏముందో, ఏం లేదో చూపించాను. ఇది నగదు సాయం కాదు, ఆదాయం చూసి ఇచ్చేదీ కాదు, లైబ్రరీ కార్డు ఎలా తీసుకున్నారో ఇదీ అలాగే అని చెప్పాను. ఇంకా అనుమానం ఉంటే మీ లాయర్ని అడిగి రండి, కార్డు దగ్గర పెట్టుకోండి అన్నాను. వారం తిరక్కుండా చాలామంది ఆన్‌లైన్‌లో నమోదు చేసుకున్నామని మెసేజీలు పెట్టారు. కొందరు ఇంకో బిడ్డ ఖర్చు మేమిస్తాం అని కౌంటీ వాటాకి డబ్బు కట్టారు. ఏడాదికి ఒక బిడ్డకి అయ్యేది మనం ఒక శనివారం బయట భోంచేస్తే అయ్యేంత కూడా కాదు మరి.

ఒక్క కోరిక ఉంది నాకు. పుస్తకాలు ఇంగ్లీషువి, కొన్ని ఇంగ్లీషు, స్పానిష్ కలిపినవి. తెలుగు పక్కనే ఉన్న పుస్తకం ఒక్కటైనా వస్తే ఎంత బాగుండు అనిపిస్తుంది. ప్రస్తుతానికి ఆ లోటు మా అత్తయ్యగారు తీరుస్తున్నారు. ఊరెళ్ళిపోయినా వీడియో కాల్‌లో, "ఈ నెల పుస్తకం చూపించవే" అని మనవరాల్ని అడుగుతారు. అది పేజీ ఫోనుకి అంటించేస్తుంది, ఆవిడకి కనిపించేది ఒక ఎర్ర రంగు మరక. కథ మాత్రం ఆగదు.

పెద్దవాడికి అయిదేళ్ళు నిండాయి, ఆఖరి పుస్తకం వచ్చేసింది. కిండర్‌గార్టెన్‌కి తయారయ్యే పిల్లవాడి కథ అది. చెల్లెలి పుస్తకాలు ఇంకా వస్తాయి కాబట్టి వాడు ఇప్పుడు దానికి చదివిపెడతాడు, చదివిపెట్టి తర్వాత ఆ పుస్తకం నాదే అని దెబ్బలాడతాడు.

మీ ఇంట్లో అయిదేళ్ళలోపు పిల్లలుంటే కొన్ని సంగతులు. టెన్నెసీలో ఉంటే మీరు ఏ కౌంటీలో ఉన్నా ఈ రోజే నమోదు చేసుకోవచ్చు. ఎంత త్వరగా చేరిస్తే అంత ఎక్కువ పుస్తకాలు, గడిచిపోయిన నెలలవి మళ్ళీ పంపరు. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ విడివిడిగా నమోదు చెయ్యాలి. ఇల్లు మారితే పోస్టాఫీసులో చిరునామా మార్పించుకుంటే సరిపోదు, ఈ పుస్తకాలు కొత్త ఇంటికి మళ్ళించరు. ఇమాజినేషన్ లైబ్రరీ వెబ్‌సైట్‌లోనే కొత్త చిరునామా పెట్టాలి, పెట్టె సర్దేముందే పెట్టండి. పుస్తకం చేరక తిరిగి వెళ్ళిపోతే పేరు ఆపేస్తారు, మళ్ళీ మొదలవడానికి కొన్ని వారాలు పడుతుంది. కాలిఫోర్నియా, ఒహాయో లాంటి రాష్ట్రాలు కూడా రాష్ట్రమంతటా ఈ పథకానికి డబ్బు పెడుతున్నాయి. మిగతాచోట్ల ఊరిని బట్టి ఉంటుంది, ఒక జిప్ కోడ్‌లో (మన పిన్ కోడ్ లాంటిది) ఉండి పక్క జిప్ కోడ్‌లో లేకపోవచ్చు. వెబ్‌సైట్‌లో మీది కొట్టి చూడండి. లేదని వస్తే, మొదలైనప్పుడు చెప్పమని మీ ఈమెయిలు అక్కడే ఇచ్చి పెట్టొచ్చు. కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, ఐర్లండ్‌లలో ఉన్నవాళ్ళకీ ఇదే మాట, అక్కడా కొన్ని ప్రాంతాల్లో నడుస్తోంది. నమోదుకి కావలసినవి బిడ్డ పుట్టిన తేదీ, మీ ఇంటి చిరునామా. పే స్టబ్బులు ఫైల్లోనే ఉంచుకోండి.